మెదడు రసాయనాలు - మనోస్థితి

మెదడులోని నాడీకణాల మధ్య సమాచారాన్ని చేరవేసే రసాయన పదార్థాలను నాడీ ప్రసారకాలు అంటారు. సెరటోనిన్, డోపమైన్, నార్ఎడ్రినలిన్, గాబా, గ్లుటమేట్ వీటిలో ముఖ్యమైనవి. వీటితో పాటు ఎండార్ఫిన్ల వంటి పెప్టైడులు, కార్టిసాల్ వంటి హార్మోనులు కూడా మనిషి సంతోషం, దిగులు, భయం, ఉత్సాహం, నిద్ర, ఆకలి మొదలైనవాటిపై ప్రభావం చూపుతాయి. "సెరటోనిన్ తగ్గితే దిగులు, డోపమైన్ పెరిగితే ఆనందం" అన్న మాట పత్రికలలోను, టీవీ కార్యక్రమాలలోను తరచుగా వినిపిస్తుంది. ఇందులో కొంత నిజం ఉన్నది. ఎక్కువ భాగం మాత్రం విషయాన్ని మరీ కుదించి చెప్పడమే. ఏది నిజమో, ఏది కాదో తెలియనప్పుడు మందు అవసరమైన రోగి దానిని మధ్యలో మానివేయడం, అవసరం లేనివారు మందు మీద లేనిపోని ఆశ పెట్టుకోవడం రెండూ జరుగుతాయి. కాబట్టి ఈ అభిప్రాయం ఎలా పుట్టింది, ఎక్కడ నిలబడింది, ఎక్కడ వీగిపోయింది అన్నది తెలుసుకోవలసిన విషయం.

పూర్వపు భావనలు

మనసులోని మార్పులకు శరీరంలోని ద్రవాలు కారణమన్న ఊహ చాలా పాతది. ఆయుర్వేదం వాత, పిత్త, కఫ దోషాలతో మనోవ్యాధులను వివరించింది. చరక సంహితలో ఉన్మాదానికి ప్రత్యేకంగా అధ్యాయం ఉన్నది. తెలుగువారు తలతిక్క మాటలను 'పైత్యం' అనడం పిత్తం నుండి వచ్చిన వాడుకే. ప్రాచీన గ్రీకులు కూడా ఇంచుమించు ఇదే దారిలో ఆలోచించి, తీరని దిగులుకు 'నల్లని పిత్తం' అనే అర్థం వచ్చే మెలాంకలియా అని పేరు పెట్టారు. ఇరవయ్యవ శతాబ్దంలో పిత్తం స్థానంలోకి సెరటోనిన్ వచ్చింది. ఒక ద్రవం ఎక్కువ కావడం, మరొకటి తక్కువ కావడం వల్లనే మనసు చెడుతుందన్న పాత తర్కం మాత్రం జనంలో అలాగే ఉండిపోయింది.

నాడీకణాలు, నాడీ సంధులు

మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయని అంచనా. ఒక కణం పొడవునా సంకేతం విద్యుత్ రూపంలో ప్రయాణిస్తుంది. కాని చాలా చోట్ల రెండు కణాలు ఒకదానినొకటి తాకవు. వాటి మధ్య సుమారు 20 నానోమీటర్ల ఖాళీ ఉంటుంది. అంటే మిల్లీమీటరులో యాభై వేలవ వంతు. ఈ కూడలినే నాడీ సంధి అంటారు. దీనిని వంతెన లేని ఏరుతో పోల్చవచ్చు. విద్యుత్ సంకేతం ఈ గట్టు దాకా వచ్చి ఆగిపోతుంది. అక్కడి నుండి ఆవలి గట్టుకు పడవ మీద దాటాలి. ఆ పడవే నాడీ ప్రసారకం.

సంకేతం కణం చివరకు చేరగానే అక్కడి సన్నని సంచుల నుండి నాడీ ప్రసారకం అణువులు ఖాళీలోకి వెలువడతాయి. అవి ఆవలి కణంపై ఉండే గ్రాహకాలకు, తాళంలో తాళపు చెవి వలె అతుక్కుంటాయి. దానితో ఆవలి కణం ఉత్తేజం పొందడమో, నెమ్మదించడమో జరుగుతుంది. పని పూర్తయిన అణువులు అక్కడే ఉండిపోతే సంకేతం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. అందుకని వాటిని కొంత మేరకు మొదటి కణమే తిరిగి లోపలికి పీల్చుకుంటుంది, కొంత మేరకు ఎంజైములు విరగ్గొడతాయి. మోనోఅమైన్ ఆక్సిడేజ్ అటువంటి ఎంజైములలో ఒకటి. కుంగుబాటుకు వాడే పాత మందులలో అధిక భాగం ఈ రెండు పనులలో ఏదో ఒకదానికి అడ్డుపడేవే.

రసాయనం ఒకటే అయినా దాని పని ఎప్పుడూ ఒకటే కాదు. ఒక్క సెరటోనిన్‌కే 14 రకాల గ్రాహకాలు ఉన్నాయి. వాంతులు ఆగడానికి ఇచ్చే ఆండన్‌సెట్రాన్ వాటిలో ఒక రకాన్ని మూసివేస్తుంది. పార్శ్వపు నొప్పికి ఇచ్చే సుమాట్రిప్టాన్ మరికొన్నింటిని తెరుస్తుంది. కాబట్టి సెరటోనిన్‌ను 'ఆనంద రసాయనం' అనడం, పోస్టుమాన్‌ను శుభవార్త అనడం వంటిది. ఉత్తరంలో ఏమున్నదన్నది అది చేరే ఇంటిని బట్టి ఉంటుంది.

కప్ప గుండెతో చేసిన ప్రయోగం

నాడుల మధ్య రసాయనాలు పనిచేస్తాయని ఒకప్పుడు ఎవరూ సులభంగా ఒప్పుకోలేదు. విద్యుత్తే నేరుగా దూకుతుందని చాలామంది భావించారు. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో పనిచేస్తున్న ఆటో లోవీ 1921లో ప్రకటించిన ప్రయోగం ఈ వాదాన్ని మలుపు తిప్పింది. ఆయన రెండు కప్ప గుండెలను వేరు చేసి, లవణ ద్రావణంలో కొట్టుకునేలా ఉంచాడు. మొదటి గుండెకు అంటివున్న వేగస్ నాడిని ప్రేరేపించగా ఆ గుండె నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న ద్రావణాన్ని తీసి, నాడి లేని రెండవ గుండెకు ఇచ్చాడు. అదీ నెమ్మదించింది. నాడి ఏదో ఒక పదార్థాన్ని విడుదల చేస్తే తప్ప ఇలా జరగడం సాధ్యం కాదు. ఆ పదార్థం ఎసిటైల్‌కోలిన్ అని తరువాత తేలింది. ఈ ప్రయోగం ఆలోచన తనకు నిద్రలో తట్టిందని, లేచి కాగితం మీద గీకిన రాత తెల్లవారి తనకే అర్థం కాలేదని, మరునాటి రాత్రి మళ్ళీ అదే కల రావడంతో అప్పటికప్పుడు ప్రయోగశాలకు వెళ్ళానని లోవీ స్వయంగా చెప్పుకున్నాడు. 1936లో ఆయనకు, ఇంగ్లండుకు చెందిన హెన్రీ డేల్‌కు కలిపి నోబెల్ బహుమతి లభించింది.

సెరటోనిన్ చరిత్ర మెదడులో మొదలు కాలేదు. ఇటలీలో విట్టోరియో ఎర్స్‌పామర్ 1930లలో పేగుల గోడ నుండి ఒక పదార్థాన్ని తీసి దానికి ఎంటరమైన్ అని పేరు పెట్టాడు. 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మారిస్ రాపోర్ట్, ఆర్డా గ్రీన్, ఇర్విన్ పేజ్ రక్తం నుండి, రక్తనాళాలను బిగించే పదార్థాన్ని వేరుచేసి సెరటోనిన్ అన్నారు. రెండూ ఒకటేనని తరువాత తెలిసింది. బెట్టీ ట్వారాగ్ అదే పదార్థాన్ని క్షీరదాల మెదడులో కనుగొని 1953లో పేజ్‌తో కలిసి ప్రకటించింది. నేటికీ శరీరంలోని సెరటోనిన్‌లో సుమారు 90 శాతం పేగులలోనే ఉంటుందన్నది చాలామందికి ఆశ్చర్యం కలిగించే విషయం.

సర్పగంధి కథ

మెదడు రసాయనాల సిద్ధాంతానికి పునాది వేసిన మొక్క భారతదేశానిది. సర్పగంధి వేరును పిచ్చికి, పాము కాటుకు, నిద్రలేమికి మన దేశంలో శతాబ్దాలుగా వాడుతున్నారు. 1931లో కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఈ వేరు రక్తపోటును తగ్గిస్తుందని, ఉన్మాద రోగులను శాంతపరుస్తుందని రాశారు. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రక్తపోటుపై తన అనుభవాలను ప్రచురించిన తరువాతనే పాశ్చాత్య వైద్యులు దీనిని పట్టించుకున్నారు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ శాస్త్రవేత్తలు వేరులోని ముఖ్య పదార్థాన్ని వేరుచేసి రెసర్పిన్ అని పేరు పెట్టారు. వకీల్‌కు 1957లో లాస్కర్ పురస్కారం వచ్చింది.

రెసర్పిన్ వాడిన రక్తపోటు రోగులలో కొందరు తీవ్రమైన దిగులులో పడిపోతున్నారని 1950లలో వైద్యులు గమనించారు. 1955లో అమెరికాలో బెర్నార్డ్ బ్రోడీ బృందం ఈ మందు ఇచ్చిన జంతువుల శరీరంలో సెరటోనిన్ నిల్వలు హరించుకుపోతాయని చూపింది. నార్ఎడ్రినలిన్, డోపమైన్ నిల్వలు కూడా అదే విధంగా తగ్గిపోతాయి. రెసర్పిన్ ఈ మూడింటినీ ఖాళీ చేస్తుంది, రెసర్పిన్ దిగులు కలిగిస్తుంది, కనుక ఇవి తగ్గడమే దిగులుకు కారణం అన్న తర్కం అక్కడ పుట్టింది.

ఈ తర్కంలో లోపం లేకపోలేదు. తరువాత లెక్కలు తిరిగి చూసినప్పుడు, దిగులు పడ్డవారిలో చాలామందికి అంతకు ముందు కూడా కుంగుబాటు ఉన్నట్లు, కొందరిలో కనిపించినది నిజమైన కుంగుబాటు కాక కేవలం మగత, మందకొడితనం అయినట్లు తేలింది. ఇంకా విచిత్రమేమంటే, లండన్‌లో డేవిస్, షెపర్డ్ అనే వైద్యులు 1955లోనే దిగులుతో, ఆందోళనతో బాధపడేవారికి రెసర్పిన్ ఇచ్చి అది మేలు చేసిందని లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. సిద్ధాంతానికి ఎదురు నిలిచే ఈ పరిశోధనను దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాలు దాదాపు మరచిపోయాయి. విజ్ఞానశాస్త్రంలో కూడా నచ్చిన సాక్ష్యం ఎక్కువ కాలం బతుకుతుంది.

అనుకోకుండా దొరికిన మందులు

కుంగుబాటుకు మొదటి మందులు రెండూ ఆ జబ్బు కోసం వెతికి కనుగొన్నవి కావు. ఇప్రోనియాజిడ్ క్షయ మందు. 1952లో న్యూయార్క్ నగరంలోని సీ వ్యూ ఆసుపత్రిలో దీనిని వాడిన క్షయ రోగులు ఊపిరితిత్తుల పరిస్థితికి మించిన హుషారుతో కనిపించసాగారు. ఈ మందు మోనోఅమైన్ ఆక్సిడేజ్‌ను అడ్డుకుంటుందని అదే సంవత్సరం తేలింది. 1957లో నేథన్ క్లైన్ దీనిని కుంగుబాటు రోగులకు వాడి ఫలితాలు ప్రకటించాడు. కాలేయానికి హాని చేస్తుండటంతో అమెరికాలో దీనిని 1961లో ఉపసంహరించారు. ఈ తరగతి మందులకు మరొక చిక్కు కూడా ఉండేది. ఇవి వాడేవారు పాత చీజ్ వంటి పులిసిన పదార్థాలు తింటే, వాటిలోని టైరమిన్ విరగక రక్తపోటు ప్రమాదకరంగా పెరిగేది.

రెండవది ఇమిప్రమిన్. స్విట్జర్లాండ్‌లోని మున్‌స్టర్‌లింగెన్ ఆసుపత్రిలో రోలాండ్ కూన్ దీనిని స్కిజోఫ్రీనియా రోగులకు ఇచ్చి చూశాడు. అక్కడ అది పనిచేయలేదు. దిగులుతో మంచం పట్టినవారికి మాత్రం కొన్ని వారాలలో కోలుకునే శక్తి ఇచ్చింది. 1957లో ఆయన ఈ విషయం ప్రకటించాడు. ఇమిప్రమిన్ ఎలా పనిచేస్తుందో అప్పుడు ఎవరికీ తెలియదు. నాడీకణం విడుదల చేసిన నార్ఎడ్రినలిన్‌ను తానే తిరిగి పీల్చుకుంటుందని, ఇటువంటి మందులు దానిని ఆపుతాయని జూలియస్ ఆక్సెల్‌రాడ్ చూపిన తరువాత ఆ ముడి కొంత విడింది. ఆయనకు 1970లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

ఈ ముక్కలన్నింటినీ కూర్చి 1965లో జోసెఫ్ షిల్డ్‌క్రాట్, నార్ఎడ్రినలిన్ కొరత వల్ల కుంగుబాటు రావచ్చునని ప్రతిపాదించాడు. 1967లో బ్రిటన్‌కు చెందిన అలెక్ కాపెన్ సెరటోనిన్‌కు ప్రాముఖ్యం ఇచ్చాడు. షిల్డ్‌క్రాట్ తన ఊహ అసంపూర్ణమని తానే రాసుకున్నాడు. దానిని తేలిన సత్యంగా మార్చినది తరువాతి కాలపు ప్రచారం. 1987 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం అనుమతించిన ఫ్లుయాక్సెటిన్, సెరటోనిన్ తిరిగి పీల్చబడకుండా ఆపే మందులలో ప్రపంచమంతా పేరు పొందింది. దీనితో తెలుగు నేలకు ఒక సంబంధం ఉన్నది. 2001 ఆగస్టులో హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ 40 మిల్లీగ్రాముల ఫ్లుయాక్సెటిన్ క్యాప్సూళ్ళను 180 రోజుల ప్రత్యేక హక్కుతో అమెరికాలో విడుదల చేసింది. ఒక భారతీయ మందుల సంస్థకు అటువంటి హక్కు దక్కడం అదే మొదటిసారి.

లోటు సిద్ధాంతంలోని చిక్కులు

ఫ్లుయాక్సెటిన్ వంటి మందు మింగిన కొన్ని గంటలలోనే నాడీ సంధులలో సెరటోనిన్ తిరిగి పీల్చబడటాన్ని అడ్డుకోవడం మొదలుపెడుతుంది. మనసు తేలిక పడటానికి మాత్రం సాధారణంగా రెండు నుండి నాలుగు వారాలు పడుతుంది. లోటు తీరడమే వైద్యమైతే ఇంత ఆలస్యం ఎందుకు? ఇది మొదటి ప్రశ్న.

సెరటోనిన్ తయారీకి ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం కావాలి. ఇది ఆహారం నుండే రావాలి. కొన్ని గంటల పాటు ట్రిప్టోఫాన్ లేని ఆహారం ఇచ్చి మెదడులో సెరటోనిన్ తయారీని తగ్గించిన ప్రయోగాలలో, ఆరోగ్యవంతులకు సాధారణంగా దిగులు రాలేదు. లోగడ కుంగుబాటు వచ్చి మందులతో కోలుకున్నవారిలో కొందరికి మాత్రం దిగులు తిరిగి వచ్చింది. అంటే సెరటోనిన్‌కు ఏదో పాత్ర ఉన్నది; కాని అది తగ్గిన ప్రతివారూ కుంగిపోరు.

2022లో జోవన్నా మాంక్రీఫ్, ఆమె సహచరులు అంతకు ముందు వచ్చిన సమీక్షలన్నింటినీ పరిశీలించి, కుంగుబాటుకు సెరటోనిన్ తక్కువ కావడమే కారణమనడానికి నిలకడైన ఆధారం లేదని ప్రకటించారు. దానిపై పెద్ద చర్చ జరిగింది. కొందరు పద్ధతిని విమర్శించారు. ఇతర మానసిక వైద్యులు, "ఆ సరళమైన సిద్ధాంతాన్ని మేము ఎప్పుడో వదిలేశాం" అన్నారు. అలా వదిలేసిన సంగతి రోగులకు చేరకపోవడమే అసలు సమస్య.

ఈ వార్త చదివి, "అయితే మందులు పనిచేయవన్నమాట" అని కొందరు అర్థం చేసుకున్నారు. ఇది తప్పు. పారాసెటమాల్ వేసుకుంటే జ్వరం తగ్గుతుంది. అంతమాత్రాన ఒంట్లో పారాసెటమాల్ తక్కువై జ్వరం వచ్చిందని ఎవరూ అనరు. మందు పనిచేయడం వేరు, జబ్బుకు కారణం వేరు. 2018లో ఆండ్రియా చిప్రియానీ బృందం 522 ప్రయోగాలలో పాల్గొన్న 1,16,477 మంది ఫలితాలను కలిపి చూసింది. పరిశీలించిన 21 మందులూ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేశాయి. సగటున ఆ తేడా ఓ మోస్తరుగానే ఉన్నది. కొందరికి మందు ప్రాణం పోసినంత పని చేస్తుంది, కొందరికి ఏమీ చేయదు. ఎవరికి ఏది పడుతుందో ముందుగా చెప్పగల పరీక్ష ఇంతవరకు రాలేదు. రక్తంలో సెరటోనిన్ కొలిచి కుంగుబాటును నిర్ధారించడం కూడా కుదరదు, ఎందుకంటే రక్తంలోని సెరటోనిన్ ప్రధానంగా పేగులది, మెదడుది కాదు.

మందుల ప్రభావం ఆలస్యం కావడానికి ప్రస్తుతం ఎక్కువమంది ఒప్పుకునే వివరణ, నాడీకణాల మధ్య కొత్త శాఖలు, కొత్త సంధులు నెమ్మదిగా ఏర్పడటం. దీర్ఘకాలపు ఒత్తిడి ఈ శాఖలను కుదిస్తుంది. మందులు, వ్యాయామం తిరిగి పెరగడానికి తోడ్పడతాయని జంతువులలో కనిపించింది. ఎరువు వేసిన మర్నాడే పైరు కోతకు రానట్లే ఇదీను.

డోపమైన్: ఆనందమా, ఆశా?

1954లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఎలుకల మెదడులో సన్నని తీగ అమర్చి, మీట నొక్కినప్పుడల్లా అక్కడ కొద్దిపాటి విద్యుత్తు తగిలేటట్లు చేశారు. కొన్ని చోట్ల తీగ ఉన్న ఎలుకలు గంటకు వందల సార్లు మీట నొక్కుతూ ఉండిపోయాయి. ఈ దారులలో డోపమైన్ ముఖ్యమని తెలిశాక దానికి 'ఆనంద రసాయనం' అన్న బిరుదు వచ్చింది.

తరువాతి పరిశోధనలు ఈ బిరుదును సవరించాయి. వోల్ఫ్‌రామ్ షుల్జ్ కోతులపై చేసిన ప్రయోగాలలో, మొదట పళ్ళరసం నోట్లో పడినప్పుడు డోపమైన్ కణాలు చురుకెక్కాయి. రసం రాబోతున్నదని తెలిపే దీపం వెలుగుకు అలవాటు పడ్డ తరువాత, అవి దీపాన్ని చూసినప్పుడే చురుకెక్కాయి, రసానికి కాదు. దీపం వెలిగి రసం రాకపోతే వాటి పని మామూలు కంటే పడిపోయింది. అంటే డోపమైన్ ఆశించినదానికి, దొరికినదానికి మధ్య ఉన్న తేడాను లెక్కగడుతుంది. పండుగ రోజు కంటే పండుగకు ముందు రోజులే పిల్లలకు ఎక్కువ హుషారుగా ఉండటం అందరికీ తెలిసినదే. కెంట్ బెరిడ్జ్ అనే శాస్త్రవేత్త కోరుకోవడం వేరు, ఆస్వాదించడం వేరు అని, డోపమైన్ మొదటిదానికి సంబంధించినదని వాదించాడు. మద్యం, పొగాకు, జూదం మరిగినవారు అందులో ఆనందం పోయిన తరువాత కూడా మానలేకపోవడానికి ఇది కొంత వివరణ.

డోపమైన్ కొరత స్పష్టంగా రుజువైన జబ్బు పార్కిన్సన్ వ్యాధి. 1950ల చివర స్వీడన్‌కు చెందిన ఆర్విడ్ కార్ల్‌సన్ రెసర్పిన్‌తో కదలలేకుండా పడివున్న కుందేళ్ళకు ఎల్-డోపా ఇవ్వగా అవి లేచి తిరిగాయి. ఆయనకు 2000లో నోబెల్ బహుమతి భాగం వచ్చింది. ఎల్-డోపా మన దూలగొండి గింజలలో సహజంగా ఉన్నది. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి దానిని ఈ గింజల నుండి వేరుచేశారు. డోపమైన్ గ్రాహకాలను ప్రేరేపించే మందులు వాడే పార్కిన్సన్ రోగులలో కొందరు, పూర్వం ఎన్నడూ లేని జూదపు అలవాటులో పడటం వైద్యులు గమనించిన విషయం. కుటుంబ సభ్యులు దీనిని దుర్గుణమని తిట్టక వైద్యునికి చెప్పడం అవసరం.

గాబా, గ్లుటమేట్

సెరటోనిన్, డోపమైన్‌లకు వచ్చిన పేరు వీటికి రాలేదు కాని, మెదడులో అత్యధిక భాగం పని వీటిదే. గ్లుటమేట్ కణాలను ఉత్తేజపరుస్తుంది, గాబా శాంతపరుస్తుంది. బండికి యాక్సిలరేటరు, బ్రేకు వంటివి. మద్యం, డయాజిపామ్ వంటి నిద్రమాత్రలు గాబా ప్రభావాన్ని పెంచుతాయి. అందువల్లనే మొదట ఆందోళన తగ్గినట్లు అనిపిస్తుంది. అలవాటు పడ్డ మెదడు తన బ్రేకును తానే సడలించుకుంటుంది. అప్పుడు హఠాత్తుగా మానితే వణుకు, నిద్రలేమి, ఒక్కొక్కసారి ఫిట్స్ వస్తాయి. మందుల దుకాణంలో చీటీ లేకుండా నిద్రమాత్రలు కొని ఏళ్ళ తరబడి వాడేవారు ఈ ఉచ్చులోనే పడుతున్నారు.

గ్లుటమేట్ గ్రాహకాలలో ఒక రకాన్ని అడ్డుకునే కెటమిన్, చాలాకాలంగా మత్తుమందుగా ఉన్నదే. తక్కువ మోతాదులో ఇస్తే కొన్ని గంటలలోనే కుంగుబాటు తగ్గడం గమనించారు. దాని రూపాంతరమైన ఎస్‌కెటమిన్‌ను ముక్కులో పీల్చే మందుగా, ఇతర మందులకు లొంగని కుంగుబాటుకు అమెరికా 2019లో అనుమతించింది. గాబాపై పనిచేసే జురనొలోన్ మాత్రకు ప్రసవానంతర కుంగుబాటు కోసం 2023లో అక్కడ అనుమతి వచ్చింది. బాలింత ఏడుపును 'గాలి సోకింది' అని కొట్టిపారేసే ఇళ్ళలో, అది వైద్యానికి లొంగే స్థితి అన్న సంగతి తెలియడమే మొదటి మెట్టు.

ఎండార్ఫిన్లు, ఆనందమైడ్

నల్లమందు నొప్పిని ఎందుకు తగ్గిస్తుందని వెతకగా, దాని కోసమే అన్నట్లు మెదడులో గ్రాహకాలు ఉన్నాయని 1973లో కాండేస్ పెర్ట్, సాలమన్ స్నైడర్ చూపారు. మొక్క పదార్థానికి మన మెదడులో తాళం ఎందుకుంటుంది? శరీరమే అటువంటి పదార్థాన్ని తయారు చేస్తుండాలి. 1975లో స్కాట్లండులోని అబెర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కాస్టర్లిట్జ్ దానిని కనుగొన్నారు. గంజాయి విషయంలోనూ ఇదే కథ నడిచింది. 1992లో మెదడులో దొరికిన, గంజాయి గ్రాహకాలకు అతుక్కునే పదార్థానికి సంస్కృత 'ఆనంద' శబ్దాన్ని కలిపి ఆనందమైడ్ అని పేరు పెట్టారు. పరుగు పెట్టిన తరువాత కలిగే తేలికదనానికి చాలాకాలం ఎండార్ఫిన్లే కారణమనుకున్నారు. కాని రక్తంలోని ఎండార్ఫిన్లు మెదడులోకి సులభంగా చేరవు. ఎండార్ఫిన్ల దారిని మందుతో మూసివేసినా ఆ హాయి కలగడంతో ఇప్పుడు చూపు ఆనందమైడ్ వైపు మళ్ళింది.

ఒత్తిడి, కార్టిసాల్

భయం, ఆపద ఎదురైనప్పుడు మెదడులోని హైపోథలమస్, పిట్యూటరీ గ్రంథి ద్వారా మూత్రపిండాల పైనున్న ఎడ్రినల్ గ్రంథులకు కబురు అందుతుంది. అవి కార్టిసాల్‌ను వదులుతాయి. పాము ఎదురైనప్పుడు ఇది ప్రాణం కాపాడే ఏర్పాటు. అప్పు, నిరుద్యోగం, ఇంట్లో హింస, పరీక్షల భయం వంటివి నెలల తరబడి సాగినప్పుడు అదే ఏర్పాటు ఆగకుండా నడిచి నిద్రను, జ్ఞాపకశక్తిని దెబ్బతీస్తుంది. మనసు బాధను 'రసాయనాల తేడా' అని తేల్చివేయడంలో ఉన్న ప్రమాదం ఇక్కడే కనిపిస్తుంది. రసాయనం మారిన మాట నిజమే, కాని దానిని మార్చినది బయటి జీవితం. అప్పులవాడు గుమ్మంలో కూర్చున్న రైతుకు మాత్ర ఒక్కటే వైద్యం కాజాలదు. అలాగని, కష్టమేమీ లేని ఇంట్లో పుట్టిన కుంగుబాటు అబద్ధమూ కాదు.

ఆహారం, వ్యాయామం

అరటిపండులో సెరటోనిన్ ఉన్నది కనుక తింటే మనసు బాగుపడుతుందని ప్రచారంలో ఉన్నది. తిన్న సెరటోనిన్ మెదడులోకి వెళ్ళదు. రక్తానికి, మెదడుకు మధ్యనున్న అడ్డుగోడ దానిని ఆపుతుంది. ట్రిప్టోఫాన్ దాటగలదు, కాని ఇతర అమైనో ఆమ్లాలతో పోటీ పడి దాటాలి. అరటిపండు మంచి పండే, మందు మాత్రం కాదు. క్రమమైన వ్యాయామం ఓ మోస్తరు కుంగుబాటును తగ్గిస్తుందన్నదానికి ఆధారాలు ఇంతకంటే గట్టివి. వేళకు నిద్ర, పగటి వెలుతురు కూడా మేలు చేస్తాయి.

వైద్యం, జాగ్రత్తలు

దిగులు రెండు వారాలకు మించి ఉండి, ఇష్టమైన పనులపై కూడా ఆసక్తి పోయి, నిద్ర, ఆకలి, ఏకాగ్రత చెడితే దానిని కుంగుబాటుగా అనుమానించాలి. థైరాయిడ్ మందగించడం, బి12 విటమిన్ లోపం కూడా ఇటువంటి లక్షణాలనే చూపుతాయి కనుక ముందు వాటిని పరీక్షిస్తారు. తేలికపాటి కుంగుబాటుకు మాటల ద్వారా చేసే చికిత్స ఒక్కటే సరిపోవచ్చు. తీవ్రమైనదానికి మందులు, చికిత్స రెండూ కలిపితే మంచిది. దిగులు, అతి ఉత్సాహం మార్చి మార్చి వచ్చే బైపోలార్ వ్యాధిలో కుంగుబాటు మందు ఒక్కటే ఇస్తే అతి ఉత్సాహం రేగవచ్చు. దీనికి ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో కనుగొన్న లిథియం నేటికీ ముఖ్యమైన మందు. రక్తంలో దాని మోతాదును తరచు కొలవాలి.

25 ఏళ్ళ లోపువారిలో, మందు మొదలుపెట్టిన తొలి వారాలలో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక ముద్రింపజేసింది. ఆ రోజులలో ఇంట్లోవారు కనిపెట్టుకొని ఉండాలి. గుణం కనిపించగానే సొంతంగా మానివేయడం మరొక సాధారణమైన పొరపాటు. హఠాత్తుగా ఆపితే తల తిరగడం, చికాకు, తలలో కరెంటు షాకు తగిలినట్లు అనిపించడం వంటివి రావచ్చు. వీటిని చూసి జబ్బు తిరగబెట్టిందని కొందరు, మందుకు బానిసనయ్యానని కొందరు భయపడతారు. వైద్యుని సలహాతో మోతాదును వారాల తరబడి, అవసరమైతే నెలల తరబడి, మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

బెంగుళూరులోని నిమ్హాన్స్ నిర్వహించిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో వయోజనులలో సుమారు ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు గురైనవారే. సర్వే చూసిన మానసిక జబ్బులలో వైద్యం అందనివారు జబ్బును బట్టి 70 నుండి 92 శాతం వరకు ఉన్నారు. తెలుగు రాష్ట్రాలలో హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్నంలోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. 'ఎర్రగడ్డ' అన్న ఊరి పేరునే తిట్టుగా వాడే అలవాటు, అక్కడికి వెళ్ళవలసినవారిని వెళ్ళనీయకుండా చేస్తున్నది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా అందుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు.